చూపు తిరిగి వస్తుందా?

కర్రాబిళ్ళ ఆటలో బిళ్ళ ఎగిరివచ్చి పిల్లవాని కంటికి తగులుతుంది. ఆసుపత్రి వరండాలో ఆ తల్లి అడిగే ప్రశ్న ఒక్కటే: "డాక్టరుగారూ, నా బిడ్డకు చూపు వస్తుందా అండీ?" అటువంటి తల్లుల ప్రక్కన మేమూ కూర్చున్నాము. "ఇప్పుడే చెప్పలేమమ్మా" అని డాక్టరు అంటే, తప్పించుకుంటున్నారని అనుకున్నాము. అయితే దానికి ఒక లెక్క కలదు.

ఫెరెన్స్ కూన్ అను నేత్రవైద్యుడు తన సహచరులతో కలిసి, అమెరికా, హంగరీ దేశాలలో నమోదైన 2,500కు పైగా తీవ్రమైన కంటి గాయాలను పరిశీలించి, 2002లో ఒక మార్కుల పద్ధతిని ప్రకటించారు. నూరుకు పైగా విషయాలను పరీక్షించి చివరకు ఆరింటినే ఉంచుకున్నారు.

అన్నిటికంటె ముఖ్యమైనది తొలి పరీక్షనాటి చూపు. బాగా కనబడితే 100 మార్కులు. కంటి ముందు చేయి ఆడించడమో, వెలుగో మాత్రమే తెలిస్తే 70. వెలుగు కూడ తెలియకపోతే 60. ఇక తీసివేతలు: మొద్దు దెబ్బకు కనుగుడ్డు పగిలితే 23, లోపల చీము పట్టితే 17, వాడియైన ముక్క ఒకవైపు దూరి మరొకవైపు బయటికి వస్తే 14, రెటీనా ఊడితే 11, వెలుగు పడినప్పుడు ఆ కంటిపాప రెండవ కంటిపాపవలె స్పందించకపోతే 10.

చేయి ఆడించడం మాత్రమే తెలిసే పిల్లవానికి గుడ్డు పగిలిందనుకుందాం. 70లో 23 పోగా 47. 45 నుండి 65 మార్కులవారిలో నూటికి సుమారు 15 మందికి మంచి చూపు వచ్చింది. 28 మందికి వెలుగు కూడ మిగలలేదు. ఆ కంటికే చీము పట్టితే మిగిలేది 30. 44 మార్కులకు మించనివారిలో నూటికి 73 మంది వెలుగును పోగొట్టుకున్నారు. మంచి చూపు వచ్చినది ఒక్కరికే. అయినను మిగిలిన కొందరికి ఎంతో కొంత చూపు దక్కింది గనుకనే, వీలైనంతవరకు వైద్యులు ముందుగా కన్నును కుట్టి చూస్తారు.

ఆ 17 మార్కులనుగూర్చి తల్లిదండ్రులకు ఒక మాట. తక్కినవి చాలావరకు దెబ్బ తగిలిన క్షణమే తేలిపోతాయి. చీము అలా కాదు, ఆలస్యముతోను, మన నాటువైద్యముతోను అది పెరుగుతుంది. చనుబాలు, ఆముదము, ఆకుపసరు కంటిలో పోయకండి. తుమ్మముల్లు గుచ్చుకొనియుంటే పీకకండి. కన్ను నలపనీయక, ఒత్తకుండ, కాగితపు కప్పువంటిది పైన అడ్డుపెట్టి ఆ రోజే కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఆపరేషను అవసరం కావచ్చును గనుక దారిలో ఏమీ తినిపించవద్దు. సున్నము, పురుగుమందు పడినప్పుడు మాత్రం వేరు: అక్కడికక్కడే మంచినీళ్ళతో చాలాసేపు కడిగి, ఆ తరువాతనే బయలుదేరాలి. ఈ మార్కులు అటువంటి కాలిన కళ్ళకు వర్తించవు.

ఈ లెక్కలన్నీ ఆరు నెలల తరువాతి చూపును గూర్చినవి. కట్టు విప్పిన రోజున మసకగా ఉన్నదని చికిత్స మానుకున్నవారిని మేము చూచాము. చిన్నపిల్లలలోనైతే గాయము మానినా, వాడకపోయిన కన్ను మందగించవచ్చును. అందుకే బాగున్న కంటిని రోజుకు కొంతసేపు మూయమని డాక్టరు చెప్పవచ్చును. పిల్లవాడు ఏడ్చినా సరే, చెప్పినన్ని గంటలూ మూసి ఉంచండి.