కూర్చున్న రోగిని నిలబెట్టు యంత్రము

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందు ఎన్నో ఇండ్లలో పిల్లలు దూరదేశముల నుండగా వృద్ధదంపతులే ఒకరికొకరు దిక్కు. పక్షవాతము వచ్చిన భర్తను భార్య చంకల క్రింద చేతులు వేసి లేపినచో ఆయన భుజమునకును, ఆమె నడుమునకును ముప్పే. బ్యాటరీతో నడచు లిఫ్టు ఆ బరువును తాను వహించును.

అయితే యంత్రమును ఎన్నుటకు ముందు రోగి కాళ్లను పరీక్షింపవలెను. అతడు మంచపు అంచున కూర్చుండవలెను, ఒక కాలిపైనైన బరువు మోపవలెను, ఒక చేతనైన పిడి పట్టవలెను, చెప్పినది గ్రహింపవలెను. వీనిలో ఏది లోపించినను, ఊయలవలె మనిషిని పూర్తిగ ఎత్తు యంత్రమే తగినది. ఈ నిర్ణయము వైద్యునిదో, ఫిజియోథెరపిస్టుదో కావలెను.

పిమ్మట ఇల్లు. ఎత్తైన గడపలను చిన్న చక్రములు దాటలేవు. నేలకు ఆనిన పెట్టెమంచము క్రింద యంత్రపు కాళ్లు దూరవు. యంత్రముపై వ్రాసిన బరువు హద్దును రోగి బరువు మించరాదు.

పాదములు పలకపైన, మోకాళ్లు మెత్తపైన ఆనించి, వీపు చుట్టు పట్టీ బిగించి, రోగికి చెప్పి మీట నొక్కవలెను. మోకాళ్లు కూలినను, పట్టీ చంకలలోనికి ప్రాకినను వెంటనే దింపవలెను. బ్యాటరీ ఆగినపుడు దింపు అత్యవసరపు మీటను ముందే అభ్యసించుట క్షేమము.