కాఫీ మేకరు కొనేముందు మీ ఇంటి నీళ్ళు చూశారా?

పొద్దున్నే లేచి, ఒక పొయ్యి మీద పాలు, ఇంకో పొయ్యి మీద నీళ్ళు పెట్టి, ఫిల్టరు పైగిన్నెలో పొడి నింపి, డికాక్షన్ ఎప్పుడు దిగుతుందా అని మూత తీసి తీసి చూడడం మన ఇళ్ళలో చాలామందికి అలవాటే. ఆ ఎదురుచూపు తప్పుతుందనే కదూ, ఎప్పుడో ఒకప్పుడు కాఫీ మేకరు మీదకు మనసు పోయేది! పండక్కి తగ్గింపు ధర అంటారు. లేదా గృహప్రవేశానికి ఎవరో ఒకరు బహుమతిగా తెచ్చిస్తారు.

"ఏది కొంటే మంచిది?" అని అంగట్లో అడిగితే ఎన్ని వాట్లు, ఎన్ని కప్పులు, ఎన్నేళ్ళ గ్యారంటీ అన్నీ చెప్తారు. "మీ ఇంట్లో ఏం నీళ్ళు వాడతారమ్మా?" అని మాత్రం ఎవరూ అడగరు. మన అనంతపురం వైపు మొదట అడగాల్సిన ప్రశ్న అదే.

ఈ మాట నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కరెంటు కాఫీ మేకరు ఒకటి మోజుపడి కొన్నాను. మొదటి నెల రాజభోగమే. స్విచ్చి వేసి స్నానానికి వెళ్తే వచ్చేసరికి జాడీలో డికాక్షన్ సిద్ధం. రెండో నెల నుంచి గురగురమని చప్పుడు. మూడో నెల దాటాక పోసిన నీళ్ళలో సగమే కిందికి దిగేవి, తక్కింది ఆవిరి. నాలుగో నెలలో అదీ లేదు. రిపేరు అబ్బాయి అడుగు విప్పి చూపిస్తే లోపలి గొట్టం నిండా సున్నం గట్టిపడి ఉంది. మా అత్తమ్మ తొంగిచూసి, "బోరు నీళ్ళకు బిందెలే తెల్లగ గారబట్టి పోతాయి. ఈ సన్న గొట్టం ఏపాటిది పాపా?" అంది. మిషనును అనడానికి ఏముంది, తప్పు నాదే. వాడే విధానం రాసిన పుస్తకంలో నెలకోసారి శుభ్రం చేయమని ఉంది. చదివితే కదా!

మన నీళ్ళ సంగతి

ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే సీమ మనది. చెరువులు నిండేది తక్కువ, బోర్ల మీద బతికేది ఎక్కువ. రాతి పొరల్లో చాలాకాలం నిలిచిన నీరు అక్కడి లవణాలను కరిగించుకుని పైకి వస్తుంది. అందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే "గట్టి నీళ్ళు" అంటాం. సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు, గిన్నె అడుగున తెల్లటి గార కడుతుంది. కాఫీ మేకరులో జరిగేదీ అదే.

మన దేశపు తాగునీటి ప్రమాణాల ప్రకారం గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్ళు దొరకని చోట 600 దాకా సర్దుకోవచ్చంటారు. అన్ని ఇళ్ళకూ ఒకే నీళ్ళు రావు కదా! పెన్నహోబిలం రిజర్వాయరు నుంచి వచ్చే కొళాయి నీళ్ళకూ, పెరట్లో బోరు నీళ్ళకూ చాలా తేడా ఉంటుంది. 1990 దశకం మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం ఈ సీమలో 700 పైచిలుకు గ్రామాలకు మంచినీళ్ళు చేర్చింది. ఆ కొళాయి ఉన్న ఇంట్లో కాఫీ ఒక రకంగానూ, లేని ఇంట్లో ఇంకో రకంగానూ ఉంటుందంటే ఆశ్చర్యం లేదు. గట్టి నీళ్ళలోని బైకార్బొనేట్లు కాఫీలోని సన్నటి పులుపును చంపేస్తాయి. రుచి మొద్దుబారుతుంది. ఎంత ఖరీదైన పొడి వేసినా "ఏదో తక్కువైందే" అనిపించేది అందుకే.

ఇంతకన్నా ముఖ్యమైంది ఫ్లోరైడు. మన బోర్లలో చాలాచోట్ల ఉన్న బెడద ఇది. లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదు, మరీ తప్పకపోతే ఒకటిన్నర. మరగబెడితే ఫ్లోరైడు పోతుందని కొందరు నమ్ముతారు. పోదు! నీళ్ళు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలినవాటిలో కాస్త చిక్కబడుతుంది కూడా. తాగడానికి శుద్ధి చేసిన నీళ్ళు తెచ్చుకుంటూ, కాఫీకి మాత్రం "ఎలాగూ కాగుతాయి కదా" అని బోరు నీళ్ళు పోసే ఇళ్ళున్నాయి. దయచేసి ఆ పని చేయకండి, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో. రెండు మూడు వందలకు దొరికే టీడీఎస్ మీటరు ఫ్లోరైడును చూపించదు. గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవాలి.

క్యాన్ నీళ్ళు కాఫీకి కూడానా అని లెక్కలేసుకునేవారికి ఒక లెక్క. గ్లాసుకు 30, 40 మి.లీ. డికాక్షన్ చాలు, తక్కింది పాలే. నలుగురు రెండు పూటలా తాగే ఇంట్లో, పొడి పీల్చుకునేది కలుపుకున్నా, రోజుకు అర లీటరు నీళ్ళు మించవు. ఇరవై లీటర్ల క్యాను ఒకటి ఒక్క డికాక్షనుకే వాడితే నలభై రోజులు వస్తుంది. ఇంట్లో ఆర్.ఓ. మిషను ఉంటే మరీ మంచిది. అది బయటకు వదిలే ఉప్పు నీళ్ళను బకెట్లో పట్టి గచ్చు కడగడానికి వాడుకోండి. కరువు నేల మీద ఆ నీళ్ళనూ పారబోయలేం కదా.

నీళ్ళు ఎక్కడ కాగుతున్నాయి?

బజారులో ఎన్ని రకాల కాఫీ మేకర్లున్నా నేనైతే ఈ ఒక్క ప్రశ్నే వేస్తాను. చేయి పెట్టి తోమగలిగే గిన్నెలో నీళ్ళు కాగుతున్నాయా, కంటికి కనబడని గొట్టంలో కాగుతున్నాయా? గిన్నెలో అయితే సున్నం గిన్నెకే పడుతుంది. తోమేస్తే పోతుంది. గొట్టంలో అయితే మిషను ఆయుష్షు మీ ఓపిక మీద ఆధారపడి ఉంటుంది.

ఈ లెక్కన మన పాత ఫిల్టరును మించింది లేదు. నీళ్ళు వేరే గిన్నెలో కాగుతాయి. బాగా మరిగాక రెండు నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం కొంత అడుగుకు దిగుతుంది. పైనీళ్ళు మాత్రం వంచుకుంటే సరి. కరెంటు పోయినా కాఫీ ఆగదు. చెడిపోయే భాగమే లేదు.

స్టీలు ఫిల్టరు సైజును బట్టి దాదాపు రూ. 250 నుంచి 600 వరకు, ఇత్తడిది వెయ్యి రూపాయలు, ఆపైన ఉంటుంది. ఇత్తడి వేడిని కాస్త ఎక్కువసేపు నిలుపుతుంది, చూడముచ్చటగానూ ఉంటుంది. అయితే కాఫీలో పులుపు ఉంటుంది కాబట్టి లోపల కళాయిగానీ వేరే పూతగానీ ఉందో లేదో చూసి కొనండి. పూత లేచిపోతే మళ్ళీ పూయించుకోవాలి. ఇవన్నీ ఎందుకనుకుంటే స్టీలుదే హాయి.

సైజు దగ్గర చాలామంది పొరబడతారు. "ఎక్కువే ఉండనీ" అని పెద్దది కొని, ఇద్దరికోసం అందులో రెండు చెంచాల పొడి వేస్తారు. పొడి పలచగా పరుచుకుంటుంది, నీళ్ళు జర్రున జారిపోతాయి, డికాక్షన్ నీళ్ళ రంగులో దిగుతుంది. పైగిన్నెలో పొడి కనీసం సగానికి దగ్గరగా ఉంటేనే చిక్కదనం. 20 గ్రాముల పొడికి 120 నుంచి 150 మి.లీ. నీళ్ళు సరిపోతాయి. ఇద్దరున్న ఇంటికి చిన్న ఫిల్టరు ఒకటి, చుట్టాలొస్తే తీయడానికి పెద్దది ఒకటి, రెండూ కొన్నా వెయ్యి రూపాయలు దాటదు!

పొడిని చిల్లుల బిళ్ళతో మెల్లగా అదమాలిగానీ బలమంతా పెట్టి నొక్కకూడదు. పదిహేను, ఇరవై నిమిషాల్లో దిగితే సరైన లెక్క. గంటైనా దిగకపోతే పొడి మరీ మెత్తనైనా అయివుండాలి, చిల్లులైనా పూడి ఉండాలి. స్టీలుదైతే పైగిన్నె అడుగును ఒక నిమిషం మంట మీద తిప్పి, చల్లారాక బ్రష్షుతో రుద్దితే చిల్లులు తెరుచుకుంటాయి. పూత ఉన్న ఇత్తడికి ఈ చిట్కా పనికిరాదు.

తక్కిన రకాలు

గాజు జాడీలో పొడి, వేడినీళ్ళు కలిపి నాలుగు నిమిషాలాగి జల్లెడ కిందికి నొక్కేది ఫ్రెంచ్ ప్రెస్. ఇందులోనూ నీళ్ళు బయటే కాగుతాయి కాబట్టి సున్నం బాధ లేదు. కానీ బరక పొడి కావాలి, పాలలో కలిపే చిక్కదనం రాదు. వడపోత కాగితం లేని ఇలాంటి కాఫీ రోజూ ఎక్కువగా తాగితే కొలెస్టరాల్ పెరగవచ్చు. మన గ్లాసు కాఫీకి ఇది అంత నప్పదు.

ఇటలీవాళ్ళ మోకా పాట్ మాత్రం ఆలోచించదగ్గదే. 1933లో అల్ఫొన్సో బియలెట్టి అమ్మకానికి తెచ్చిన ఈ చిన్న కూజాలో కింది గదిలో నీళ్ళు, మధ్యలో పొడి. పొయ్యి మీద పెడితే ఆవిరి ఒత్తిడికి కాఫీ పైగదిలోకి ఎక్కుతుంది. ఐదారు నిమిషాల్లో మన డికాక్షనుకు దగ్గరగా వస్తుంది. కింది గది తెరిచి చూడగలం కాబట్టి సున్నం పడితే తెలుస్తుంది. కానీ పక్కనున్న చిన్న సేఫ్టీ వాల్వు పూడకుండా చూసుకోవాలి, అది ప్రమాదం. మన గ్యాస్ స్టవ్ మీద దాని చిన్న అడుగు నిలవదు, పైన ఒక జాలీ వేసుకోవాలి. అల్యూమినియందైతే ఇండక్షన్ స్టవ్ మీద పనిచేయదు. చికోరీ ఎక్కువున్న పొడి వేస్తే బంకలాగా పట్టి అడ్డుపడుతుంది. దేశవాళీ రకం వెయ్యి రూపాయల చుట్టూ దొరుకుతుంది, విదేశీది దానికి మూడు రెట్లు.

ఇక కరెంటుతో నడిచే డ్రిప్ కాఫీ మేకరు. 1954లో జర్మనీలో విగోమాట్ పేరుతో మొదలైన ఈ రకం ఇప్పుడు మన బజారులో రూ. 1,500 నుంచి 3,500 మధ్య ఉంది. కరెంటు ఖర్చుకు భయపడక్కర్లేదు. 650 వాట్ల మిషను పావుగంట నడిస్తే యూనిట్టులో ఆరో వంతు. దాని మీద రాసిన "పది కప్పులు" మాత్రం నమ్మకండి. అవి పాలు లేని పలచటి కాఫీ కప్పులు. మన చిక్కటి డికాక్షనుకు పొడి ఎక్కువ, నీళ్ళు తక్కువ పోయాలి. కాబట్టి మన పద్ధతి డికాక్షన్ కోసమే చేసిన రకం అడిగి తీసుకోండి. కింద వేడి పళ్ళెం మీద గంటలకొద్దీ ఉంచితే డికాక్షన్ చేదెక్కుతుంది. దిగగానే తీసేయాలి.

దీన్ని ఎవరు కొనాలి? పొద్దున్నే డ్యూటీకి పరిగెత్తేవారు, చేతుల నొప్పితో వేడినీళ్ళ గిన్నె ఎత్తలేని పెద్దవారు తప్పక కొనవచ్చు. షరతు ఒకటే, క్యాన్ నీళ్ళో ఆర్.ఓ. నీళ్ళో తప్ప బోరు నీళ్ళు పోయకూడదు. అయినా నెలకోసారి లీటరు నీళ్ళలో ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు కరిగించి సగం నడిపి, ఇరవై నిమిషాలు ఆపి, మిగతాది నడపాలి. తర్వాత రెండుసార్లు మామూలు నీళ్ళు. పొడి వేయకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఎస్ప్రెస్సో మిషన్లు ఐదారు వేల నుంచి మొదలై లక్ష దాటిపోతాయి. వాటిలో పంపు, బాయిలరు, సన్న గొట్టాలు, అన్నీ సున్నానికి ఇష్టమైన చోట్లే. రిపేరుకు బెంగళూరు పంపాల్సి వస్తే రానుపోను ఖర్చు కూడా ధరలో కలుపుకుని చూసుకోండి. కప్పుకొక గుళిక వేసే రకమైతే మిషను కన్నా గుళికలే ఇల్లు గుల్ల చేస్తాయి.

పొడి ప్యాకెట్టు వెనక

నిజానికి ఖర్చంతా మిషనులో లేదు, పొడిలో ఉంది. 2024, 2025లలో కాఫీ గింజల ధర ఎంత పెరిగిందో కొనేవాళ్ళకు తెలుసు. చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని నిబంధన ఉంది. ఎంత శాతమో ప్యాకెట్టు మీద రాసి తీరాలి. చికోరీ రంగునూ చిక్కదనాన్నీ ఇస్తుందిగానీ దాన్లో కెఫీన్ ఉండదు. మన నీళ్ళకు 80 కాఫీ, 20 చికోరీ పాళ్ళు బాగా కుదురుతాయని నా అనుభవం. మన రాష్ట్రంలోనే పండి 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ కూడా ఒకసారి రుచి చూడండి, దానికి చికోరీ అక్కర్లేదు.

నన్నడిగితే, బోరు తప్ప దిక్కులేని ఇంటికి స్టీలు ఫిల్టరు, కాఫీకి మాత్రం శుద్ధి చేసిన నీళ్ళు. కాస్త కొత్తదనం కావాలంటే ఫిల్టరుకు తోడు మోకా. మంచి నీళ్ళూ, నెలకోసారి శుభ్రం చేసే ఓపికా రెండూ ఉంటేనే కరెంటుది. మా ఇంట్లో ఆ మిషను అటక మీద ఉంది, దాని గాజు జాడీలో చింతపండు పోసుకున్నాం.

పాతూరు అంగళ్ళలో ఫిల్టరు కొనేటప్పుడు పైగిన్నెను వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. చిల్లులన్నీ సమంగా, సన్నగా, మూసుకుపోకుండా కనబడాలి. తర్వాత కింది గిన్నెలో పెట్టి ఒకసారి తిప్పి చూడండి. వదులుగా ఊగితే ఇంకోటి తీయమనండి. అంగడాయన విసుక్కున్నా పర్వాలేదు.