గోళీల్లోనే గెలుపు!

చేతిలో రిమోట్... ట్రాక్ మీద దూసుకెళ్లే బుల్లి కారు. అయిదు నిమిషాల రేసులో దాని తలరాత రాసేవి ఆవగింజల్లాంటి గోళీలంటే నమ్ముతారా?

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. ఆ తేడాను సర్దేదే డిఫరెన్షియల్. అందులో పళ్లచక్రాలకు బదులు రెండు రింగుల మధ్య గోళీలు పెట్టి, మరతో బిగింపు మార్చుకునే బాల్ డిఫరెన్షియల్‌ను తెచ్చింది ఇంగ్లండ్ ఇంజినీరు సెసిల్ షూమాకర్. కాస్‌వర్త్‌లో పనిచేసిన ఆయన, 1980లో సొంత కంపెనీ పెట్టారు.

బిగింపు చాలకపోతే గోళీలు జారి వేడెక్కుతాయి, రింగులు గాడిపడతాయి. అందుకే వెనక చక్రాలు రెండూ గట్టిగా పట్టుకుని, స్పర్ గేరును బొటనవేలితో తిప్పి చూడండి. సులువుగా జారిందా... మర కాస్త బిగించాలి. చక్రం తిప్పితే గరగరలాడుతోందా... విప్పి శుభ్రం చేయాల్సిందే.

గోళీలకు సిలికాన్ గ్రీజు, థ్రస్ట్ బేరింగుకు నల్లటి మాలీ గ్రీజు. ఈ నల్ల గ్రీజు గోళీలకు అంటితే పట్టు పోతుంది. మళ్లీ అమర్చాక ఒకేసారి బిగించొద్దు. చక్రాలు తిప్పుతూ కొద్దికొద్దిగా బిగించాలి.

ఉక్కు గోళీలకన్నా టంగ్‌స్టన్ కార్బైడ్‌వి గట్టివి, సిరామిక్‌వి తేలిక. కానీ అవి కొనేముందు రింగులు చూడండి. అరిగితే తిరగేయండి, లేదా సన్నని గరుకు కాగితంతో సానబట్టండి. గాడిపడిన రింగు మీద ఎంత ఖరీదైన గోళీ అయినా దండగే!