ప్రొటోకాల్‌ను సరళం చేయడమంటే ఏం చేస్తారు?

బ్యాంకు వెబ్‌సైటు తెరవగానే మన బ్రౌజరు, అవతలి సర్వరు ముందు ఒక ఒప్పందానికి వస్తాయి. ఏ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేయాలి, రహస్య కీని ఎలా కుదుర్చుకోవాలి అన్నది అక్కడ తేలుతుంది. ఈ సంప్రదింపుల నియమావళే టీఎల్ఎస్. దాని 1.3 వెర్షన్ 2018 ఆగస్టులో వచ్చింది. అందులో చేర్చినవాటికన్నా తీసేసినవే ముఖ్యం.

అసలు తీసేయాల్సినంతగా ప్రొటోకాల్ చిక్కుపడింది ఎందుకు?

ఒకసారి చేరిన పద్ధతిని తీసేయాలంటే భయం. ఎక్కడో ఏదో పాత యంత్రం ఇంకా దానిమీదే నడుస్తుండవచ్చు. అందుకే కొత్తవి వచ్చి చేరేవి, పాతవి పోయేవి కావు. అలా ఎంచుకోదగ్గ సైఫర్ సూట్లు, అంటే ఎన్‌క్రిప్షన్ పద్ధతుల కూర్పులు, వందల్లో పేరుకున్నాయి.

వాడకుండా పడి ఉంటే నష్టమేమిటి?

1990లలో బలమైన ఎన్‌క్రిప్షన్ ఎగుమతిపై అమెరికా ఆంక్షలు ఉండేవి. వాటికి లోబడేలా 512 బిట్ల బలహీనమైన ఆర్ఎస్ఏ కీలతో పనిచేసే పద్ధతిని ప్రొటోకాల్‌లో చేర్చారు. ఆంక్షలు సడలినా ఆ పద్ధతి సర్వర్లలో ఉండిపోయింది. 2015లో బయటపడ్డ ఫ్రీక్ దాడికి దారి అదే. దారిలో కాపుకాసినవాడు బ్రౌజరు పంపిన సందేశాన్ని మార్చి, బలహీనమైన కీ అడుగుతాడు. సర్వరు ఇచ్చేస్తుంది. కొన్ని బ్రౌజర్లు తాము అడగకపోయినా దాన్ని తీసుకునేవి. ఎవరికీ అక్కరలేని పద్ధతి అందరికీ ముప్పయింది.

మరి ఎలా తగ్గించారు?

ఆర్ఎస్ఏ కీ మార్పిడి, ఆర్‌సీ4 అనే పాత సైఫర్, కంప్రెషన్ వంటివి తొలగించారు. కొత్త ప్రమాణంలో మిగిలినవి 5 సైఫర్ సూట్లే. దీనివల్ల వేగమూ పెరిగింది. ఇదివరకు బ్రౌజరు తనకు తెలిసిన పద్ధతులు చెప్పి, జవాబు వచ్చాకే కీ సమాచారం పంపేది. ఇప్పుడు ఎంపికలు కొన్నే కాబట్టి, సర్వరు దేనికి ఒప్పుకుంటుందో ఊహించి మొదటి సందేశంలోనే పంపుతుంది. రెండుసార్లు వెళ్లిరావలసిన చోట ఒక్కసారి సరిపోతుంది. ఊహ తప్పితేనే మరో విడత.

తీసేయడం అంత తేలికా?

కాదు. నెట్‌వర్క్ మధ్యలో ఉండే కొన్ని పరికరాలు కొత్త వెర్షన్ సంఖ్య కనబడగానే కనెక్షన్‌ను తెంచేశాయి. దాంతో 1.3 తన సందేశంలో పాత చోట 1.2 సంఖ్యనే ఉంచి, అసలు సంఖ్యను వేరే చోట రాయాల్సి వచ్చింది. సరళం చేయబోయిన చోట కూడా పాత బరువు కొంత మోయక తప్పలేదు.

ఒకసారి చేరినదాన్ని వదిలించుకోవడానికి ఏళ్లు పడుతుంది: 1999 నాటి టీఎల్ఎస్ 1.0ను అధికారికంగా పక్కనపెట్టింది 2021లో. కాబట్టి ప్రొటోకాల్ రాసేవారు ప్రతి ఐచ్ఛికాన్నీ చేర్చేముందే అడగాలి: ఇది లేకపోతే ఎవరి పని ఆగిపోతుంది? జవాబు లేకపోతే దాన్ని చేర్చకపోవడమే మేలు.