తిన్న సోయా ఒంట్లో ఎంత చేరింది? కొలిచేదెలా?

అండమాన్ దీవుల్లో చేపలకు కొదవ లేదు. బియ్యం, పప్పులు, ఎండు సరుకులు మాత్రం చాలావరకు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి ఓడల్లో రావలసిందే. అలా వచ్చి నెలల తరబడి పాడవకుండా నిలవుండే సరుకుల్లో సోయా చంక్స్ ఒకటి. మన తెలుగువాళ్ల నోట దాని పేరు మీల్ మేకర్. నూనె తీసిన సోయా పిండితో దీన్ని తయారుచేస్తారు. దాని బరువులో దాదాపు సగం మాంసకృత్తులే.

సోయా తింటే గుండెకు మంచిదని ఒకరంటారు. అందులో ఆడవారి హార్మోను ఉంది, మగపిల్లలు తినకూడదని మరొకరు అంటారు. ఎవరి మాట నమ్మాలన్నా ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. తిన్నదానిలో రక్తంలోకి ఎంత చేరింది? దాన్ని ఎలా కొలిచారు? ఈ పాఠంలో దీని గురించి తెలుసుకుందాం.

కొలవవలసినది ఏది?

సోయా గింజలో ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలున్నాయి. వాటిలో ముఖ్యమైనవి జెనిస్టీన్, డైడ్జీన్. వీటి అణువుల ఆకారం ఈస్ట్రోజన్ హార్మోనును కొంత పోలి ఉంటుంది. అందువల్ల ఆ హార్మోను అతుక్కునే చోట ఇవి కూడా బలహీనంగా అతుక్కోగలవు. అంతమాత్రాన ఇవి ఆ హార్మోను కావు.

గింజలో ఇవి చక్కెర అణువుతో జతకట్టి ఉంటాయి. పేగుల్లో ఆ జత తెగితేనే లోపలికి పీల్చబడతాయి. ఆ తరువాత పేగు గోడలు, కాలేయం వీటికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలిస్తాయి. చివరికి మూత్రపిండాలు బయటికి పంపుతాయి. అందుకే ప్రయోగశాలలో మొదటి పని, రక్తం లేదా మూత్రం నమూనాలో ఒక ఎంజైమును కలిపి ఈ జతను విడదీయడం. ఆ ఎంజైము పేరు బీటా గ్లూకురోనిడేజ్.

అక్షింతల లెక్క

తరువాత నమూనాను శుద్ధిచేసి, క్రొమటోగ్రఫీతో పదార్థాలను వేరుపరచి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో అణుభారాన్నిబట్టి గుర్తిస్తారు. డైడ్జీన్ అణుభారం 254. అయితే ఇన్ని దశల్లో కొంత పదార్థం పోతుంది కదా! మరి అసలు ఎంత ఉందో ఎలా తెలుస్తుంది?

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. ఒక పళ్లెంలో ఎన్ని బియ్యపు గింజలున్నాయో తెలియదు. అందులో లెక్కపెట్టి 100 అక్షింతలు వేసి బాగా కలపండి. దారిలో కొన్ని గింజలు ఒలికినా ఫరవాలేదు. చివరికి ఒక గుప్పెడు తీసి చూస్తే 5 అక్షింతలు, 20 తెల్ల గింజలు ఉన్నాయనుకుందాం. నిష్పత్తి 1కి 4. కాబట్టి మొదట సుమారు 400 తెల్ల గింజలున్నాయి. ఒలికినప్పుడు రెండు రకాలూ ఒకే పాళ్లలో ఒలుకుతాయి గనుక నిష్పత్తి మారదు.

శాస్త్రజ్ఞుల అక్షింతలు, మూడు కార్బన్-13 పరమాణువులు చేర్చిన డైడ్జీన్. దాని అణుభారం 257. రసాయన స్వభావం ఒకటే, బరువు మాత్రం వేరు. దీన్ని తెలిసిన మొత్తంలో మొదటే కలుపుతారు.

ఒక్క జాగ్రత్త. అక్షింతలు కలపకముందే ఒలికిన బియ్యానికి ఈ లెక్క వర్తించదు. దీవుల నుంచి నమూనాలు సుమారు 1,200 కిలోమీటర్లు దాటి ప్రధాన భూభాగంలోని ప్రయోగశాలకు వెళ్లవలసి వస్తే, దారిలో చెడిపోయినదాన్ని ఏ యంత్రమూ తిరిగి చూపలేదు. అందుకే నమూనాను గడ్డకట్టించి పంపాలి.

చెమట, గడియారం

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడ ఒక హాస్టల్‌లో ఇద్దరు విద్యార్థులు ఒకే కూర తిన్నారనుకుందాం. ఒకరు ఎండలో ఆడి చెమటోడ్చారు, రెండోవారు నీళ్లు బాగా తాగారు. మొదటివారి మూత్రం చిక్కగా ఉంటుంది గనుక ఐసోఫ్లేవోన్లు ఎక్కువ ఉన్నట్లు కనిపిస్తాయి. ఈ తేడాను సరిచేయడానికి అదే నమూనాలో క్రియాటినిన్‌ను కూడా కొలిచి, దానితో పోల్చి చెబుతారు.

ఇక కాలం సంగతి. రక్తంలో వీటి అర్ధాయువు ఇంచుమించు 8 గంటలు. గరిష్ఠ స్థాయిలో ఉన్నది 8 గంటలకు సగం, 16 గంటలకు పావు, 24 గంటలకు ఎనిమిదో వంతు అవుతుంది. అంటే ఒక్క నమూనా నిన్నటి భోజనం గురించి చెబుతుందే తప్ప, ఏడాది అలవాటు గురించి చెప్పదు.

ఒకే కూర, రెండు ఫలితాలు

డైడ్జీన్‌ను పెద్దపేగులోని కొన్ని బాక్టీరియాలు ఈక్వాల్‌గా మారుస్తాయి. ఈక్వాల్‌ను మొట్టమొదట 1932లో చూడి గుర్రం మూత్రం నుంచి వేరుచేశారు. మనిషి మూత్రంలో 1982లో గుర్తించారు. విశేషమేమంటే ఆ బాక్టీరియా అందరిలోనూ ఉండవు. సోయా అలవాటున్న ఆసియా ప్రజల్లో సుమారు 50 నుంచి 60 శాతం మంది, పాశ్చాత్య దేశాల్లో 20 నుంచి 30 శాతం మంది మాత్రమే ఈక్వాల్ తయారుచేసుకోగలరు. కాబట్టి కూర ఒకటే అయినా, ఒంట్లో తయారయ్యేది ఒకటి కాకపోవచ్చు.

కొలతలు ఏం చెప్పాయి?

1993లో ఫిన్లండ్ శాస్త్రజ్ఞుడు ఆడ్లర్‌క్రూట్జ్ బృందం జపాన్ పురుషుల ప్లాస్మాలో ఐసోఫ్లేవోన్లు ఫిన్లండ్ పురుషులకంటే 7 నుంచి 110 రెట్లు ఎక్కువని చూపింది. 1997లో సెట్‌చెల్ బృందం సోయా పాలపొడితో పెరిగే పసిపిల్లలను పరీక్షించింది. శరీర బరువుతో పోల్చి చూస్తే, పెద్దవారిలో హార్మోన్ల ప్రభావం చూపే మోతాదుకు 6 నుంచి 11 రెట్లు వారికి అందుతున్నట్లు తేలింది. ఇవి ఎంత ఉందో చెప్పే లెక్కలు. హాని ఉందా లేదా అన్నది వేరే పరిశోధనతో తేల్చవలసిన ప్రశ్న.

మగపిల్లల భయం మాటేమిటి? 2010లోనూ 2021లోనూ వచ్చిన సమీక్షలు అనేక ప్రయోగాలను కలిపి చూసి, సోయా పురుషుల్లో టెస్టోస్టిరాన్‌ను గానీ ఈస్ట్రోజన్‌ను గానీ మార్చినట్లు కనబడలేదని తేల్చాయి. గుండె విషయంలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1999లో ఆమోదించిన ప్రకటనను, ఆధారాలు నిలకడగా లేవంటూ 2017లో ఉపసంహరించాలని ప్రతిపాదించింది.

ఈసారి ఎవరైనా సోయా మేలనో కీడనో చెబితే, ఎంతమందిలో, ఎప్పుడు, ఏ నమూనాలో కొలిచారని అడగండి.

ఆలోచించండి

1. ఒక నమూనాకు 50 నానోగ్రాముల బరువు డైడ్జీన్ కలిపారు. చివర్లో మామూలు డైడ్జీన్, బరువు డైడ్జీన్ నిష్పత్తి 3కి 1 వచ్చింది. నమూనాలో డైడ్జీన్ ఎంత?

2. శుద్ధిచేసేటప్పుడు సగం పదార్థం పోయి ఉంటే మీ జవాబు మారుతుందా? ఎందుకు?