లేత్‌పై రూపొందే చేతికలం: ఇతివృత్త పరిశీలన

కలానికి ఇతివృత్తం అలంకరణతోనే సిద్ధిస్తుందన్నది సాధారణాభిప్రాయం. నిర్మాణ పద్ధతే ఇతివృత్తాన్ని నిర్ణయిస్తుందని ఈ వ్యాసం వివరిస్తుంది.

రాజమహేంద్రవరంలో కోసూరి వెంకటరత్నం స్వదేశీ కలాల తయారీని 1932లో ప్రారంభించారు. జె.సి. కుమారప్ప ద్వారా అందిన రత్నం కలాన్ని గాంధీజీ స్వయంగా వాడి చూశారు. అది విదేశీ కలాలకు మంచి ప్రత్యామ్నాయంగా ఉందని 1935 జులై 16న లేఖ రాశారు. ఆ లేఖలోని కొలమానం అలంకారం కాదు, వినియోగం.

రబ్బరుకు అధికంగా గంధకం చేర్చి వేడిచేస్తే గట్టి ఎబొనైట్ తయారవుతుంది. దాని కడ్డీని కోసి, లేత్‌పై తిప్పుతూ లోపల తొలుస్తారు. గొట్టానికీ మూతకూ మరలు కోసి, ఉలితో బాహ్యరూపం తీర్చి, నునుపు చేసి మెరుగుపెడతారు. సిరాను నేరుగా గొట్టంలో పోసే కలంలో మర సరిగా బిగియకపోతే సిరా కారుతుంది. మర ఉన్నచోట లోతుగా చెక్కితే గోడ పలచబడుతుంది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పంటలను ఇతివృత్తంగా గ్రహించినా ఈ పరిమితులు వర్తిస్తాయి. తిరిగే కడ్డీ నుండి అక్షం చుట్టూ సమానమైన ఆకృతే లభిస్తుంది. కాబట్టి మిరపకాయ కొనదేరిన తీరు లేత్‌పై సాధ్యం. దాని వంపు సాధ్యం కాదు. పత్తికాయ గుండ్రదనాన్ని లేత్ ఇవ్వగలదు. పగిలిన కాయ రెక్కలను మాత్రం తరువాత చేతితో చెక్కవలసిందే.

కావున ఇతివృత్త కలాన్ని అధ్యయనం చేసేటప్పుడు పైనున్న బొమ్మతోపాటు లేత్ అనుమతించినదేది, చేయి చేర్చినదేది అన్న విభజననూ పరిశీలించాలి. రాయలేని కలం ఎంత అందమైనదైనా బొమ్మగానే మిగులుతుంది.