గతం నుంచి ట్రంక్ కాల్

ఖర్చు తక్కువ, చిక్కుముడులు ఎక్కువ. ‘ప్లేబ్యాక్’ లాంటి కాలయానం సినిమాలపై ప్రేక్షకుల తీర్పు ఒక్క మాటలో తేలదు. తెలుగు గడ్డకు దూరంగా ఉన్న రైల్వే పట్టణంలో ఆ తీర్పుకు ఇంకో లెక్క తోడవుతుంది

బిలాస్‌పూర్ (ఛత్తీస్‌గఢ్)

పాత ఇల్లు. అందులో ఎవరూ పట్టించుకోని ల్యాండ్‌లైన్ ఫోన్. 2019లో ఆ ఇంట్లో దిగిన కుర్రాడు రిసీవర్ ఎత్తితే అవతల ఒక అమ్మాయి గొంతు. ఆమె మాట్లాడుతున్నదీ అదే ఇంట్లోంచి. కాకపోతే ఆమె గోడ మీద వేలాడుతున్నది 1993 క్యాలెండర్. జక్కా హరిప్రసాద్ దర్శకత్వంలో దినేశ్ తేజ్, అనన్య నాగళ్ల నటించిన ‘ప్లేబ్యాక్’ కథకు మూలం ఇంతే. టైమ్ మెషీన్ లేదు, అంతరిక్ష నౌక లేదు, విదేశీ లొకేషన్ లేదు. ఉన్నదల్లా ఒక ఫోను, రెండు కాలాలు, ఒక నేరం.

2021 మార్చి 5న ఈ సినిమా విడుదలైనప్పుడు థియేటర్లు మొదటి లాక్‌డౌన్ నుంచి అప్పుడప్పుడే తేరుకుంటున్నాయి. ఏప్రిల్ నెలాఖరుకల్లా కరోనా రెండో ఉధృతి వాటిని మళ్లీ మూయించింది. ఆ తర్వాత ‘ఆహా’ వేదిక మీదకు చేరాకే సినిమాకు ఎక్కువ మంది ప్రేక్షకులు దొరికారు. అక్కడి నుంచే వాదన మొదలైంది. మెచ్చుకున్నవారూ ఉన్నారు, పెదవి విరిచినవారూ ఉన్నారు. విశేషమేమిటంటే ఇద్దరూ మాట్లాడేది ఒకే దాని గురించి: కథ లెక్క సరిపోయిందా, లేదా?

చిన్న సినిమాకు ఈ వాదనే ప్రాణవాయువు. పెద్ద హీరో ఉంటే మొదటి రోజు టికెట్లు అభిమానులు కొంటారు. ప్రీ రిలీజ్ వేడుకలు, ఊరంతా పోస్టర్లు ఉంటాయి. పేరున్న తారలు లేని సినిమాకు ఉన్న ప్రచారం ఒక్కటే, చూసినవాడు పక్కవాడికి చెప్పే మాట. అయిదింటిలో రెండున్నర మార్కులు వేస్తే ఒక బతుకు, మూడు వేస్తే మరో బతుకు. ఆ అర మార్కు తేడాను నిర్ణయించేది నటన కన్నా, సంగీతం కన్నా చివరి అరగంటలో ముడి విప్పిన తీరే.

జానపదానికి లేని పరీక్ష

కాలంతో ఆడుకోవడం తెలుగువారికి కొత్తకాదు. రైవత మహారాజు కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం వెళ్లి కాసేపు వేచివుంటే భూమ్మీద యుగాలు గడిచిపోయాయని భాగవతం చెబుతుంది. తిరిగొచ్చాక ఆమెను బలరాముడికిచ్చి పెళ్లి చేశాడు. ఈ కథ విన్నవారెవరూ అదెలా సాధ్యమని నిలదీయలేదు. విఠలాచార్య సినిమాలో మాంత్రికుడు మనిషిని చిలకగా మార్చినా హాల్లో ఎవరూ లెక్క అడగలేదు. మంత్రానికి లాజిక్ అక్కర్లేదు. కానీ ‘సైన్స్’ అన్న మాట వినబడగానే అదే ప్రేక్షకుడు పరీక్ష పేపరు దిద్దే మాస్టారవుతాడు.

1991 జూలై 18న విడుదలైన ‘ఆదిత్య 369’ ఆ పరీక్షను సునాయాసంగా దాటింది. సింగీతం శ్రీనివాసరావు ప్రేక్షకుణ్ణి శ్రీకృష్ణదేవరాయల కాలానికి, ఆ తర్వాత 2504కు తీసుకెళ్లారు. మ్యూజియంలోని వజ్రం చుట్టూ దొంగతనం కథ నడిపారు. రాయల కొలువు, ఇళయరాజా సంగీతం, బాలకృష్ణ ద్విపాత్రాభినయం ముందు యంత్రం ఎలా పనిచేస్తుందన్న ప్రశ్న వెనక్కిపోయింది. 2025 ఏప్రిల్‌లో కొత్త హంగులతో మళ్లీ విడుదల చేసేంత బలం ఆ సినిమాకు మిగిలింది. అయితే అది భారీ సెట్ల చిత్రం. చేతిలో డబ్బు లేనివాడికి ఆ దారి లేదు.

డబ్బు లేనివాడి దారి అమెరికాలో 2004లో కనిపించింది. ఇంజనీరుగా పనిచేసిన షేన్ కారుత్ ఏడు వేల డాలర్లతో ‘ప్రైమర్’ తీశాడు. రచన, దర్శకత్వం, సంగీతం, ప్రధాన పాత్ర అన్నీ అతనివే. నిడివి 77 నిమిషాలు. ఒక గ్యారేజీ, ఒక పెట్టె, ఇద్దరు స్నేహితులు. సన్‌డాన్స్ ఉత్సవంలో జ్యూరీ అత్యున్నత బహుమతి దానికే దక్కింది. ఎవరు ఏ కాలంలో ఉన్నారో తేల్చుకోవడానికి ప్రేక్షకులు గీతలు గీసి పటాలు తయారుచేసుకున్నారు. 2013లో వచ్చిన ‘కోహెరెన్స్’ను దర్శకుడు జేమ్స్ వార్డ్ బర్కిట్ తన ఇంట్లోనే అయిదు రాత్రుల్లో చిత్రీకరించాడు. జపాన్‌లో 2020లో రెండు నిమిషాల తర్వాత జరగబోయేది చూపించే టీవీ మీద 70 నిమిషాల సినిమా వచ్చింది. అందరి సూత్రం ఒకటే: ఖర్చు కాగితం మీద పెట్టు, సెట్టు మీద కాదు.

దగ్గరి ఉదాహరణ కన్నడంలో ఉంది. కల, మెలకువ ఒకదానిలో ఒకటి కలిసిపోయే ‘లూసియా’ కోసం పవన్ కుమార్ నిర్మాతల కోసం తిరగడం మాని ప్రేక్షకులనే డబ్బు అడిగారు. 110 మంది కలిసి సుమారు 51 లక్షల రూపాయలిచ్చారు. 2013లో లండన్ భారతీయ చిత్రోత్సవంలో ఆ సినిమాకు దక్కింది ప్రేక్షకులు ఎన్నుకునే బహుమతే. అదే దర్శకుడు 2021లో తెలుగులో ‘కుడి ఎడమైతే’ సిరీస్ తీశారు. ఒకే రోజు మళ్లీ మళ్లీ తిరిగొచ్చే కథలో అమలా పాల్ పోలీసు అధికారి.

బిలాస్‌పూర్ లెక్క

ఇలాంటి సినిమా హైదరాబాద్‌లో చూడటం వేరు, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో చూడటం వేరు. ఇక్కడి తెలుగువారి చరిత్ర పట్టాల వెంబడి వచ్చింది. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఊరిని జంక్షన్‌గా మార్చింది. వాల్తేరు తీరం వెంట ఉన్న లైనులో ఉత్తర భాగం కూడా తర్వాత ఆ కంపెనీ చేతికే వచ్చింది. 1931లో విజయనగరం, రాయ్‌పూర్ మధ్య లైను పూర్తయింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఖరగ్‌పూర్‌కు వెళ్లినట్టే ఇక్కడికీ పనుల కోసం వచ్చారు. ఫైర్‌మన్‌గా చేరిన తాత, గార్డుగా రిటైరైన నాన్న, హిందీలో చదువుకున్న మనవడు: చాలా ఇళ్లలో వరస ఇదే. ఇంట్లో తెలుగు వినబడుతుంది. తెలుగు చదవడం మాత్రం తరం తరానికీ తగ్గుతూ వచ్చింది.

స్టార్ హీరోల తెలుగు చిత్రాలు ఇక్కడి టీవీకి హిందీ మాటలతో వస్తాయి. పోరాటాల సినిమాకు భాష అడ్డం కాదు. చిన్న చిత్రాలన్నిటికీ ఆ యోగం ఉండదు. పైగా ‘ప్లేబ్యాక్’ లాంటిది ఫోను సంభాషణ మీద నడిచే కథ. ఒక మాట జారితే ఒక ఆధారం జారిపోయినట్టే. 1993లో అమ్మాయి అన్న మాటకు 2019లో అర్థం తెలియాలంటే తెలుగు చెవి చురుగ్గా ఉండాలి. అందువల్ల ఇక్కడ ‘అర్థం కాలేదు’ అన్న ఫిర్యాదుకు రెండు అర్థాలుంటాయి. కథ చిక్కు ఒకటి, భాష చిక్కు రెండోది. పెద్దవారు మాట విడమరచి చెబితే, చిన్నవారు టైమ్‌లైన్ విడమరచి చెప్పాలి. ఒకే సినిమాకు ఇద్దరు అనువాదకులు కావాలి.

1993 అన్న అంకె కూడా ఈ ఊరికి ఊరకనే తగలదు. ఆ ఏడాది బిలాస్‌పూర్ మధ్యప్రదేశ్‌లో ఉండేది. ఇక్కడి రైల్వే డివిజన్‌కు పై ఆఫీసు కలకత్తా గార్డెన్‌రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ పుట్టింది, హైకోర్టు ఈ ఊరికే వచ్చింది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ ఇక్కడే కేంద్రంగా పని మొదలుపెట్టింది. అంటే ఊరు కదలకుండానే రాష్ట్రం మారింది, జోన్ మారింది. 1993 నుంచి ఇక్కడికెవరైనా ఫోను చేస్తే చిరునామా చెప్పడానికే అయిదు నిమిషాలు పడుతుంది. సొంతూరికి మాట్లాడాలంటే రాత్రి చార్జీ తగ్గేదాకా ఆగి ఎస్‌టీడీ బూత్‌లో వరసలో నిలబడ్డ రోజులవి. మీటరు మీద అంకెలు పరిగెత్తుతుంటే క్షేమ సమాచారం ముక్కలు ముక్కలుగా చెప్పుకున్నవారికి, ఫోను కట్ అవుతుందేమోనన్న తెర మీది భయాన్ని ఎవరూ వివరించనక్కర్లేదు.

మూడు తగాదాలు

ఇలాంటి చిత్రాలపై వచ్చే అభిప్రాయాలను వడకడితే మూడు తగాదాలు తేలతాయి. మొదటిది కాపీ ఆరోపణ. ‘ప్లేబ్యాక్’కు కొన్ని నెలల ముందు, 2020 నవంబర్‌లో కొరియన్ చిత్రం ‘ది కాల్’ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అందులోనూ ఒకే ఇల్లు, పాత ఫోను, రెండు కాలాలు. పోలిక కనబడగానే వేలెత్తి చూపినవారున్నారు. అయితే ‘ది కాల్’ కూడా 2011 నాటి ‘ది కాలర్’ మీద ఆధారపడ్డదే. అంతకు ముందు 2000లోనే హాలీవుడ్ ‘ఫ్రీక్వెన్సీ’లో హామ్ రేడియో మీద 1969లోని తండ్రితో 1999లోని కొడుకు మాట్లాడాడు. అదే ఏడాది కొరియాలో ‘డిట్టో’ వచ్చింది. ‘ప్లేబ్యాక్’ వచ్చిన సంవత్సరంలోనే నవంబర్ 19న విడుదలైన ‘అద్భుతం’లో తేజ సజ్జా 2019లో, శివానీ రాజశేఖర్ 2014లో ఒకే ఫోన్ నంబరు వాడారు. కాబట్టి కాలాల మధ్య ఫోను అన్నది ఎవరి సొత్తూ కాదు. దాంతో ఏం కథ చెప్పారన్నదే అడగాలి.

రెండోది ఓపిక. మిస్టరీకి ముందు ఆధారాలు పరచాలి, తర్వాత వాటిని ఏరుకోవాలి. మొదటి సగం నెమ్మదిగా ఉందన్న మాట ఈ తరహా సినిమాల్లో దాదాపు అన్నిటికీ తగిలేదే. హాల్లో కూర్చున్నవాడు లేచి పోలేడు కాబట్టి ఓర్చుకుంటాడు. సెల్‌ఫోనులో చూసేవాడు పది సెకన్లు ముందుకు తోసేస్తాడు. తోసిన పది సెకన్లలోనే ఆధారం పోతుంది, ఆ తర్వాత లాజిక్ లేదని తిడతాడు. దీనికి మందు కూడా అదే తెరలో ఉంది. వెనక్కి తిప్పి చూడొచ్చు. సినిమా పేరే ఆ సలహా ఇస్తోంది.

మూడోది అసలైన తగాదా: గతాన్ని మారిస్తే వర్తమానం ఏమవుతుంది? మారిన సంగతి ఎవరికి గుర్తుంటుంది? చనిపోవలసిన మనిషిని కాపాడితే, ఆ చావు గురించి తెలుసుకుని ఫోను చేసిన మనిషికి ఫోను చేయాల్సిన కారణమే ఉండదు కదా? ఈ ముడి ప్రపంచంలో ఏ దర్శకుడూ అందరినీ ఒప్పించేలా విప్పలేదు. ఒక నియమం పెట్టుకుని చివరిదాకా దానికి కట్టుబడితే చాలని ఒక వర్గం అంటుంది. మనసును కదిలిస్తే నియమం తప్పినా ఫరవాలేదని రెండో వర్గం అంటుంది. 2022 సెప్టెంబర్‌లో వచ్చిన ‘ఒకే ఒక జీవితం’ రెండో వర్గం మాట నిలబెట్టింది. కాలయంత్రం ఎక్కిన శర్వానంద్ వెళ్లింది తల్లి దగ్గరికి. అమల ఆ తల్లిగా కనబడ్డాక యంత్రం వయరింగు గురించి అడిగేవారు తగ్గారు.

చెరపకూడని పద్దు

మూడో తగాదాలో రైల్వే పట్టణానికి ఒక సొంత పోలిక ఉంది. స్టేషన్లో రైళ్ల రాకపోకలు రాసే రిజిస్టరులో పొరపాటు జరిగితే రబ్బరుతో చెరపడానికి వీల్లేదు. తప్పు పద్దు చదవడానికి వీలుగా ఉండేలా ఒక గీత కొట్టి, పైన సరైనది రాసి, సంతకం పెట్టాలి. ప్రమాదం జరిగితే విచారణాధికారి మొదట చూసేది ఆ కొట్టివేతలనే. కాలయానం కథలూ రెండు రకాలే. కొన్ని గతాన్ని రబ్బరుతో చెరిపేస్తాయి, మార్పుకు ఆనవాలు మిగలదు. కొన్ని గీత కొట్టి కింద పాతది కనబడనిస్తాయి. ఎవరో ఒకరికి పాత జ్ఞాపకం మిగులుతుంది, దానికి ఆ మనిషి బాధ్యత వహిస్తాడు. ప్రేక్షకుడు నమ్మేది రెండో రకాన్ని. ‘లాజిక్ లేదు’ అని తిట్టేవాడు చాలాసార్లు అడుగుతున్నది భౌతికశాస్త్రం కాదు, సంతకం.

తెలుగులో ఇలాంటి సినిమాలకు రోజులు మంచివా, చెడ్డవా? 2018లో ప్రశాంత్ వర్మ ‘అ!’ తీస్తే నాని నిర్మించారు. విజువల్ ఎఫెక్ట్స్‌కు, మేకప్‌కు జాతీయ అవార్డులొచ్చాయి. ఆ దర్శకుడి కథతోనే ‘అద్భుతం’ వచ్చింది. మరోవైపు 2024 జూన్‌లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ వ్యయం ఆరు వందల కోట్ల రూపాయల దాకా వెళ్లిందని ప్రచారం జరిగింది. సైన్స్ ఫిక్షన్ అనగానే ఇక అంత హంగు ఉండాలన్న అంచనా స్థిరపడితే, పాత ఫోను కథకు డబ్బు పెట్టేవాడు దొరకడు. ఓటీటీలు మొదట్లో చిన్న చిత్రాలకు ఆసరాగా కనబడ్డా, పేరున్న ముఖాలకే అక్కడా గిరాకీ.

అందుకే చూసినవారి మాటకు విలువ. నచ్చలేదని చెప్పడం తప్పు కాదు. ఎక్కడ నచ్చలేదో చెబితే తర్వాతి సినిమాకు అది పనికొస్తుంది. బిలాస్‌పూర్‌లో అయితే ఆ సంభాషణకు ఇంకో లాభం ఉంది. విజయనగరం మీదుగా తిరుపతి వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కినప్పుడు తప్ప తెలుగు అంతగా అవసరంపడని మనవడు, ఒక ముడి విప్పడం కోసం తాతను పక్కన కూర్చోబెట్టుకుని ‘ఆ అమ్మాయి ఇప్పుడేమంది?’ అని అడుగుతాడు. తాత చెబుతాడు. సినిమాకు మూడు మార్కులా, రెండున్నరా అన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు.